సాంబ పుట్టిన ఊళ్లో

యూనివర్సిటీ తన చుట్టుపక్కల ప్రాంతానికి ఏం చేయాలన్న ప్రశ్నను మన దగ్గర సభల్లో అడుగుతారు, జవాబు కూడా ఆ సభల్లోనే చెప్పేసుకుంటారు. పొలం ఉన్నవాళ్ల అరుగు మీద అదే ప్రశ్న వేస్తే వేరే జవాబులొస్తాయి. అందుకని ఈ సంవాదాన్ని బాపట్ల దగ్గర ఒక పల్లెలో కూర్చోబెట్టాను. మాట్లాడే ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులు. వాళ్ల నోట వచ్చే సంగతులు మాత్రం కల్పితం కాదు. పెదనాన్న కొమ్మమూరు కాలువ కింద జన్మంతా వరి పండించినవాడు, కొన్నేళ్లు విత్తనపంట కూడా వేసినవాడు. అమ్మాయి ఆయన తమ్ముడి కూతురు, ఒక రాష్ట్ర యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెబుతుంది. ఆ యూనివర్సిటీలో కొత్తగా ఇంక్యుబేషన్ సెంటరు కడుతున్నారు. తగవు అక్కడ మొదలైంది.

పెదనాన్న: ఎన్ని అంతస్తులన్నావు?

అమ్మాయి: మూడు. కింద ల్యాబులు, పైన ఆఫీసు గదులు. కొత్త ఆలోచనతో వచ్చిన పిల్లలకు కూర్చోడానికి చోటు, పేటెంటుకు సాయం, పెట్టుబడి పెట్టేవాళ్లతో పరిచయం. ఇన్నాళ్లూ డిగ్రీ చేతిలో పెట్టి పంపేశాం. ఇక మీదట ఇక్కడే కంపెనీలు పుట్టాలి, ఇక్కడే ఉద్యోగాలు రావాలి. మీకు నచ్చలేదని మీ ముఖమే చెబుతోంది.

పెదనాన్న: భవనం మీద నాకేం కోపం లేదమ్మా. దాని మెట్లెక్కే సమస్య ఏదో ఎవరు తేలుస్తారని అడుగుతున్నాను. పెట్టుబడి పెట్టేవాడికి మూడేళ్లకో ఐదేళ్లకో డబ్బు తిరిగి రావాలి. ఈ నేలకు కావలసిన పనులు చాలావరకు ఆ గడువులో తెమిలేవి కావు. మన బాపట్లలో పుట్టిన వరి రకం సాంబ మసూరి సంగతే చూడు.

అమ్మాయి: బీపీటీ 5204. 1986లో విడుదలైంది.

పెదనాన్న: విడుదల తేదీ అందరికీ తెలుసు. దాని వెనక ఎంత పనుందో చెబుతాను విను. కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1, మలేసియా మసూరి. ఈ మూడింటి రక్తం కలిస్తే వచ్చింది సాంబ. కలపడమంటే మాటలు కాదు. వరిపువ్వు పొద్దున పది గంటల వేళ విచ్చుకుంటుంది. అది విచ్చుకోకముందే ఒక్కో గింజ కొసను చిన్న కత్తెరతో కత్తిరించి, లోపల ఆరు పుప్పొడి తిత్తులుంటాయి, వాటిని పట్టకారుతో తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ పనికిరాదు. కంకికి కాగితం సంచి తొడిగి, రెండో రకం పుప్పొడి తెచ్చి దాని మీద దులపాలి. ఇంత చేస్తే పట్టేవి నాలుగు గింజలు. వాటిని నాటి, వచ్చిన వాటిలో ఏరి, మళ్లీ నాటి, మళ్లీ ఏరి, ఆరేడు తరాలు గడిస్తేగాని రకం నిలకడగా రాదు. ఆ తర్వాత పరిశోధనా స్థానంలో దిగుబడి పరీక్షలు. అవీ నెగ్గితే చిరుసంచుల్లో మా పొలాలకు వస్తుంది. ఇదంతా పదేళ్లకు పైబడిన పని. మొదలుపెట్టిన మనిషి బదిలీ అయిపోతే ఇంకొకడు అందుకోవాలి, పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఏ మదుపరి ఆగుతాడమ్మా అంతకాలం?

అమ్మాయి: ఆగడు. ఒప్పుకుంటాను. కానీ ఆ పని బాపట్లకు ఏమిచ్చిందో కూడా చూడాలి కదా. సాంబ తెలంగాణకు వెళ్లింది, కర్ణాటకకు వెళ్లింది, తమిళనాడుకు వెళ్లింది. మిర్యాలగూడ మిల్లుల్లో, రాయచూరు మిల్లుల్లో బ్రాండు సంచుల్లోకి ఎక్కింది. అమెరికాలో మన పిల్లలు ఇండియన్ స్టోరులో కొనే సంచి మీద సోనా మసూరి అని ఉంటుంది. అసలు సోనా మసూరి, బీపీటీ 3291, అదీ బాపట్లదే. సంచి మీద బాపట్ల పేరుందా? గింజను పుట్టించిన ఊరికి దక్కింది వడ్ల ధర ఒక్కటే. మిల్లు లాభం, బ్రాండు లాభం, ఎగుమతి లాభం ఇంకెవరివో. దీన్ని ప్రాంతీయ అభివృద్ధి అని ఎలా అనమంటారు?

పెదనాన్న: పక్కవాడు బాగుపడితే మనం చెడినట్టా? మార్టేరు పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, ఒడిశాలో పండింది, బెంగాలులో పండింది, బంగ్లాదేశ్ దాకా పోయింది. దాంట్లోకే ఒడిశా పాతకాలపు వరి నుంచి ముంపు తట్టుకునే జన్యువు ఎక్కించి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు స్వర్ణ సబ్ 1 తయారు చేశారు. ఎవరు తిన్నా అన్నమే కదా.

అమ్మాయి: తిన్నవాళ్ల గురించి నేను అడగడం లేదు. పండించినవాళ్ల గురించి, ఆ పంట చుట్టూ ఊళ్లో పుట్టాల్సిన పనుల గురించి అడుగుతున్నాను. విత్తనం గొప్పదే. విత్తనం దగ్గరే ఆగిపోయామన్నది నా ఫిర్యాదు.

పెదనాన్న: విత్తనం దగ్గరే ఆగలేదు. మినుము మాటేమిటి? సాంబ కోతకు మూడు నాలుగు రోజుల ముందు, పదును చూసుకుని, నిలిచి ఉన్న చేలోనే మినుములు చల్లేస్తాం. వరి కోసేసరికి కిందనుంచి మొలకలు లేస్తుంటాయి. దుక్కి లేదు, తడి లేదు. నేలలో మిగిలిన చెమ్మతో, మంచుతో పండే పంట. మన డెల్టాలో ఇలాంటి సేద్యం ఉంది. బూడిద తెగులొచ్చి ఆ చేలు తెల్లబారి పోతుంటే ఎవరు పట్టించుకున్నారు? లాం పరిశోధనా ఫారం వాళ్లే ఆ తెగులు తట్టుకునే ఎల్‌బీజీ 17 తెచ్చారు. తర్వాత పల్లాకు తెగులు ముంచుకొస్తే దాని కోసం ఇంకో రకం. ఎప్పటి సమస్యకు అప్పటి రకం. ఆ రెండో పంట డబ్బుతోనే ఈ ఊళ్లో మీ తరం హాస్టళ్లలో ఉండి చదువుకుంది. నీ ఫీజులు కూడా మినుముల డబ్బేనమ్మా.

అమ్మాయి: చదువుకుని వెళ్లిపోయాం. నేను ఒక్కదాన్నే యాభై మైళ్ల దూరంలో ఆగాను. మిగతావాళ్లు హైదరాబాదు, బెంగళూరు, డాలస్.

ఇక్కడ నేనొక మాట మధ్యలో చెప్పాలి. పిల్లలు వెళ్లిపోవడం యూనివర్సిటీ తప్పని చాలామంది అంటారు. నేనలా అనుకోను. చదివినవాడికి ఎక్కడికైనా వెళ్లే హక్కుంది. వెళ్లకూడదనుకున్నవాడికి ఊళ్లో చేతినిండా పని ఉందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న. అమ్మాయి మూడంతస్తుల భవనం మీద ఆశ పెట్టుకున్నది అందుకే.

అమ్మాయి: హైదరాబాదు సంగతి చూడండి. శాంతా బయోటెక్నిక్స్ 1993లో మొదలైనప్పుడు దానికి సొంత ల్యాబు లేదు. ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో చోటిచ్చారు, తర్వాత సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఇచ్చింది. 1997కల్లా హెపటైటిస్ బి టీకా దేశంలోనే తయారైంది. అప్పటిదాకా దిగుమతి టీకా మామూలు ఇళ్లవాళ్లు కొనగలిగేది కాదు. యూనివర్సిటీ కాస్త చోటిస్తే జరిగిన పని ఇది. అలాంటి చోటు మేం కూడా ఇస్తామంటున్నాం.

పెదనాన్న: చోటు ఒక్కటే ఇస్తే జరిగిందా? అప్పటికే హైదరాబాదులో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఉంది. మందులు తయారుచేయడం నేర్చిన మనుషులు అక్కడ వేలల్లో తయారయ్యారు. డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పెట్టిన అంజిరెడ్డిగారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చినవారే. ఇవతల ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు. అన్నీ ప్రభుత్వం డబ్బుతో దశాబ్దాల పాటు నడిపిన సంస్థలు. వాటి మీద కంపెనీలు లేచాయి. మీ భవనం కింద అలాంటిదేముంది?

అమ్మాయి: ఏమీ లేదు కాబట్టి ఎప్పటికీ మొదలుపెట్టకూడదా?

పెదనాన్న: ఉన్నదాని మీద మొదలుపెట్టండి. ఇక్కడ ఉన్నది వరి, మినుము, రొయ్య, చీరాల మగ్గం. వీటిలో ఏ సమస్య మీ డిపార్టుమెంటు గుమ్మం తొక్కింది?

అమ్మాయి: తొక్కనివ్వని పద్ధతి ఉంది పెదనాన్నా, అది మీకు తెలియదు. మా ప్రమోషన్లు జర్నల్ పేపర్లను బట్టి ఉంటాయి. 2016 నుంచి ఏటా యూనివర్సిటీల ర్యాంకింగులు వస్తున్నాయి, అందులోనూ పేపర్లకే బరువు. చీరాల నేతగాడి నూలు అప్పు మీద ఒక ఏడాది తిరిగి ఒక తెలుగు నివేదిక రాస్తే నా ఖాతాలో ఒక్క మార్కు పడదు. ఖాళీ అయిన పోస్టులు నింపరు. ఉన్నవాళ్లలో సగం మంది కాంట్రాక్టు మీద, ఏడాదికోసారి కొనసాగింపు కాగితం కోసం చూస్తూ ఉంటారు. పదేళ్ల పని ఎవరు తలకెత్తుకుంటారు? ఇంక్యుబేషన్ సెంటరుకైతే కనీసం డబ్బొస్తోంది. డబ్బొచ్చే చోట నిలబడి ఏదో ఒకటి చేద్దామని నా తాపత్రయం.

పెదనాన్న: ఇది చెప్పావు బాగుంది. అంటే మీ సెంటరు మీద నీకూ పెద్ద నమ్మకం లేదన్నమాట.

అమ్మాయి: నమ్మకం ఉంది. మీరనుకునే దాని మీద కాదు. మన వ్యవసాయ యూనివర్సిటీ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు కదా?

పెదనాన్న: 1964లో రాజేంద్రనగర్‌లో పెట్టారు. అమెరికా ప్రొఫెసర్లు వచ్చి ఉండేవారని మా రోజుల్లో చెప్పుకునేవాళ్లు.

అమ్మాయి: కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు. అది 1862లో లింకన్ సంతకం పెట్టిన మోరిల్ చట్టంతో పుట్టింది. రాష్ట్రాలకు కేంద్రం భూములిచ్చి, వాటిని అమ్మిన డబ్బుతో వ్యవసాయం, ఇంజినీరింగు నేర్పే కాలేజీలు పెట్టమంది. పాఠం చెబితే చాలదని పాతికేళ్లకు తెలిసింది. 1887లో పరిశోధనా స్థానాలకు ఇంకో చట్టం. పరిశోధన రైతు దాకా పోవడం లేదని 1914లో విస్తరణకు మరో చట్టం. పాఠం, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే కప్పు కింద ఉండాలన్నది అక్కడినుంచే మనకొచ్చింది. మిగతా యూనివర్సిటీలకు మాత్రం రాలేదు. ఆంధ్రా, ఉస్మానియా, వెంకటేశ్వర, నాగార్జున, అన్నీ పాఠం, పరీక్ష, పట్టా. ఎకనామిక్స్‌కు ఏరువాక కేంద్రం లేదు. కెమిస్ట్రీకి లేదు.

పెదనాన్న: అది నిజం. మాకు తెగులొస్తే ఏరువాక కేంద్రం శాస్త్రవేత్త బండేసుకుని వస్తాడు. మిల్లువాడు మోసం చేస్తే ఏ ప్రొఫెసరూ రాడు.

అమ్మాయి: అక్కడికే వస్తున్నాను. అమెరికాలోనే విస్కాన్సిన్ యూనివర్సిటీలో 1890లో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే కెమిస్టు ఒక సీసా తయారుచేశాడు. అప్పట్లో పాలకు తూకాన్ని బట్టి డబ్బులిచ్చేవాళ్లు. నీళ్లు కలిపినవాడికీ, వెన్న తీసేసి తెచ్చినవాడికీ, చిక్కటి పాలు తెచ్చినవాడికీ ఒకటే ధర. నిజాయితీగా పోసినవాడే నష్టపోయేవాడు. బాబ్‌కాక్ సీసాకు సన్నటి పొడుగు మెడ. అందులో పాలు పోసి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే మిగతావన్నీ కరిగి వెన్న విడిపోతుంది. సీసాను గుండ్రంగా తిప్పి వేడినీళ్లు పోస్తే వెన్న మెడలోకి తేలుతుంది. మెడ మీద గీతలుంటాయి. చదువుకోవడమే. జున్ను కేంద్రంలో కుర్రాడు కూడా చేయగలిగిన పరీక్ష.

పెదనాన్న: మన పాలకేంద్రంలో పొద్దున్నే వెన్న శాతం చూసి చీటీ ఇస్తారే, అదే కదా.

అమ్మాయి: ఇప్పటి యంత్రాలు వేరు. సూత్రం అదే, వెన్నకు ధర. దాంతో అక్కడ రెండు జరిగాయి. కల్తీ చేసినవాడికి లాభం పోయింది. ఏ ఆవు ఎంత వెన్న ఇస్తుందో రైతుకు తెలిసి మంచి ఆవుల్ని నిలుపుకున్నాడు. గోధుమ దెబ్బతిన్న రాష్ట్రం పాడికి మళ్లడంలో ఆ సీసాకు చోటుంది. ఆ రాష్ట్రంలో ప్రతి కుటుంబానికీ యూనివర్సిటీ మేలు చేరాలని తర్వాత వాళ్ల ప్రెసిడెంటు వాన్ హైస్ అన్నాడంటే, ఆ మాటకు ఇలాంటి పని వెనక ఉంది. మా సెంటరు నుంచి నేను కోరుకునేది అలాంటి సీసా.

పెదనాన్న: దానికి పేటెంటు తీసుకున్నాడా ఆయన?

అమ్మాయి: లేదు.

పెదనాన్న: ఎందుకు తీసుకోలేదు?

అమ్మాయి: అందరికీ చెందాలని. మీరు ఎక్కడికి లాగుతున్నారో నాకు తెలుస్తోంది.

పెదనాన్న: లాగడం కాదమ్మా, నువ్వే తెచ్చి ఇచ్చావు. మా సాంబకు కూడా ఎవరూ గుత్తహక్కు పెట్టలేదు. పక్క పొలంవాడు నా దగ్గర రెండు బస్తాలు విత్తనం తీసుకుంటే ఎవడికీ రుసుము కట్టలేదు. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టంలో రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పెట్టకుండా అమ్ముకోవచ్చు అని రాసుకున్నాం. అందుకే అంత దూరం పాకింది. నీ మూడంతస్తుల్లో పుట్టిన సీసాకు మాత్రం లైసెన్సు ఫీజుంటుంది.

అమ్మాయి: ఉండక తప్పదేమో. సరే, ఫీజు మాట తర్వాత చూద్దాం. మీ దగ్గర సీసా కావలసిన సమస్య ఏముందో చెప్పండి.

పెదనాన్న: తేమ.

ఈ ఒక్క మాట దగ్గర ఇద్దరి గొంతూ మారింది. డెల్టాలో వరి అమ్మిన ఎవరికీ ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం పెదనాన్నను కాసేపు మాట్లాడనిస్తాను.

పెదనాన్న: 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన పనలు నీళ్లలో, కొయ్యని చేను నేలమీద. సాంబ బరువుకు వాలే రకం, గాలికి నిలబడదు. ఎండ వచ్చాక బరకాల మీద, రోడ్ల మీద ఆరబోసుకున్నాం. ప్రభుత్వం కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. కొనుగోలు కేంద్రంలో మీటరు 17 అంటుంది. సంచులు లారీకెక్కి మిల్లుకు పోతే అక్కడి మీటరు 20 అంటుంది. వెనక్కి తెచ్చుకుంటావా, బస్తాకు ఇన్ని కిలోలు తరుగు ఒప్పుకుంటావా అంటారు. లారీ కిరాయి మీద పడుతుందని ఒప్పుకుంటాం. తుపాను లేని ఏళ్లలో కూడా ఇదే తంతు. రెండు మీటర్లలో ఏది అబద్ధమో చెప్పే మూడో మనిషి లేడు.

అమ్మాయి: రెండూ నిజమే చెబుతుండొచ్చు కూడా. ఆ మీటరు గింజలో నీటిని నేరుగా కొలవదు. గింజ గుండా విద్యుత్తు ఎలా నడుస్తుందో చూసి లెక్కగట్టి అంకె చూపిస్తుంది. వేడిగా ఉన్న గింజకు ఒకలా, చల్లబడ్డాక ఒకలా చూపొచ్చు. సన్న రకానికి సర్దిన మీటరు ముతక రకానికి తప్పు చెప్పొచ్చు. కుప్ప పైన తీసిన గుప్పెడు, అడుగున తీసిన గుప్పెడు వేరువేరు. ఓవెన్‌లో ఎండబెట్టి, ముందూ వెనకా తూకం చూసి, దానితో సరిపోల్చుకుంటూ ఏటా సర్దాలి. మా ఫిజిక్స్ వాళ్లు చేయలేని పనేం కాదు.

పెదనాన్న: నేను చెబుతున్నదీ అదే. మీకు వడ్లు అమ్మేపని లేదు, కొనేపని లేదు. ఈ ఊళ్లో ఏ పక్షమూ కాని మనుషులు మీరొక్కరే. కోతల్లో మీ పిల్లల్ని పంపి, ఒకే గింజను కేంద్రం మీటరు మీద, మిల్లు మీటరు మీద, మీ ఓవెన్‌లో చూపించి, ఏ రోజుకారోజు అంకెలు గోడకు అంటించండి. మా ఊరి ఆర్థికాభివృద్ధి అంటే ముందు అది.

అమ్మాయి: ఏ పక్షమూ కానివాళ్లమని మీరనుకుంటున్నారు. మా వీసీని వేసేది ప్రభుత్వం. వడ్లు కొనేదీ ప్రభుత్వమే. మిల్లర్ల సంఘంలో పెద్దలు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. గోడకు మొదటి అంకె అంటించిన సాయంత్రమే మాకు ఫోనొస్తుంది.

పెదనాన్న: ఆంధ్రా యూనివర్సిటీ మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డిగారు సత్యాగ్రహుల మీద తెల్లదొరల దౌర్జన్యానికి నిరసనగా పదవి వదిలేశారు. ఫోనుకు కూడా భయపడితే యూనివర్సిటీ అని పేరెందుకు?

అమ్మాయి: ఆయనకు ఆ ధైర్యం ఉండేది. ఏడాదికోసారి కొనసాగింపు కాగితం అందుకునే మా కాంట్రాక్టు లెక్చరరుకు ఎక్కడినుంచి వస్తుంది? పర్మనెంటు పోస్టు అంటే జీతం ఒక్కటే కాదు పెదనాన్నా. నిజం చెప్పినా మర్నాడు ఉద్యోగం ఉంటుందన్న భరోసా. ప్రాంతానికి యూనివర్సిటీ ఉపయోగపడాలనే పెద్దలు ముందు ఆ పోస్టులు నింపాలి. ఇది రాసి పెట్టుకోండి.

ఈ మాట నా సొంత మాటగా కూడా తీసుకోవచ్చు. విత్తనమైనా కొలతైనా, పదేళ్లు ఒకే చోట కూర్చునే మనిషి లేకుండా రాదు. పోస్టు ఖాళీగా పెట్టి ఒప్పంద పత్రాల మీద సంతకాలు చేస్తే ప్రాంతానికి దక్కేది ఫొటో.

పెదనాన్న: పోస్టుల సంగతి ఒప్పుకున్నాను. మరి తేమ కొలిచే ల్యాబుకు డబ్బెవరిస్తారు? మీరు ఫీజంటారు. మిల్లువాడు ఫీజు కడితే ల్యాబు మిల్లువాడిదవుతుంది.

అమ్మాయి: ఎవరూ కట్టకపోతే ప్రాజెక్టు డబ్బు అయిపోయిన మూడో ఏడు ల్యాబుకు తాళం పడుతుంది. అలా తాళం పడ్డవి నేను చూశాను.

పెదనాన్న: మార్కెట్ కమిటీ వడ్ల మీద సెస్సు వసూలు చేస్తోంది కదా. అందులోంచి కొంత ల్యాబుకు రాయమను. రైతులు కూడా కమిటీలో ఉంటారు.

అమ్మాయి: అమెరికాలో 1914 చట్టం కింద అలాగే చేశారు. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, జిల్లా కొంత. జిల్లా వాటా ఇచ్చింది కాబట్టి అక్కడి రైతు సంఘాలకు యూనివర్సిటీ మనిషి మీద పెత్తనం వచ్చింది. ఆ సంఘాల్లో పెద్ద రైతులదే మాట. చిన్నవాడి దాకా, కౌలుదారు దాకా ఆ మనిషి పోలేదు. మన మార్కెట్ కమిటీలో ఎవరుంటారు? భూమి ఉన్నవాళ్లు. మిమ్మల్ని ఒకటి అడగనా? మీ పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

పెదనాన్న: తెలిసే అడుగుతున్నావు. మోకాళ్లు పోయాక కౌలుకిచ్చాను.

అమ్మాయి: సాంబ రాకముందు ఈ డెల్టాలో ఎకరానికి కౌలు ఎన్ని బస్తాలు? ఇప్పుడెన్ని?

పెదనాన్న: పెరిగింది. దిగుబడి పెరిగితే కౌలు పెరగదా?

అమ్మాయి: పెరుగుతుంది. అదే నేను క్లాసులో చెప్పే పాఠం. విత్తనం దిగుబడి పెంచితే ఆ పెంపులో పెద్దభాగం కౌలు రూపంలో భూమి ఉన్నవాడికి చేరుతుంది. బాపట్ల శాస్త్రవేత్త పదేళ్లు కంకులకు సంచులు తొడిగి తెచ్చిన లాభం దుక్కి దున్నినవాడి గడప దాకా వచ్చి మీ గుమ్మంలోకి మళ్లింది. రేపు తేమ మీటరు నిజం చెప్పినా అంతే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెట్టరు. కార్డు లేకపోతే వడ్లు ఎవరి పేరు మీద అమ్ముతారు? మీ పేరు మీద. తరుగు తగ్గిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?

పెదనాన్న: నా ఖాతాలో పడితే నేను వాడికిచ్చేస్తాను.

అమ్మాయి: మీరిస్తారు. ఊళ్లో అందరూ ఇస్తారా?

పెదనాన్న: ఇది యూనివర్సిటీ పని ఎలా అయిందమ్మా? భూమి చట్టం చూడాల్సింది అసెంబ్లీ.

అమ్మాయి: అసెంబ్లీకి అంకెలు ఎక్కడినుంచి వస్తాయి? ఈ జిల్లాలో ఎవరు ఎవరి భూమి ఎంతకు చేస్తున్నారో కాగితం మీద లేదు. నోటి మాట ఒప్పందాలు. వ్యవసాయ శాఖ అడిగితే ఎవరూ చెప్పరు, కార్డు గొడవ వస్తుందని. యూనివర్సిటీ పిల్లలు అడిగితే, పేర్లు రాసుకోకుండా అడిగితే, చెబుతారు. విత్తనానికి పరిశోధనా స్థానం ఎలా కావాలో కౌలుకు కూడా అలాగే కావాలి. ఏటా అదే ఊళ్లలో, అదే ప్రశ్నలు, పాతికేళ్లు. మీరన్న ఓపిక పని ఇదే కదా. దానికి పట్టకారు అక్కర్లేదు, ఎకనామిక్స్ చదివినవాళ్లు చాలు.

పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. ఆయన మౌనాన్ని నేను ఓటమిగా రాయను. విత్తనం గురించి, ఓపిక గురించి ఆయన చెప్పినదంతా అలాగే నిలిచి ఉంది. కౌలు మాట దాని పక్కన వచ్చి నిలబడింది.

పెదనాన్న: అయితే తేమతో పాటు కౌలు కూడా రాయండి. తేమ, తరుగు, కౌలు, మూడు గళ్లు. గింజ రకం కూడా రాయాలి, సన్నానికీ ముతకకూ తరుగు వేరు. నా పొలంతోనే మొదలుపెట్టు. నా కౌలెంతో నేను చెబుతాను, వాడు చెప్పేది వాడి దగ్గర వేరేగా అడుగు. నేను పక్కన ఉండను.

అమ్మాయి: పిల్లలకు రోజుకు భత్యం ఇవ్వాలి. ఊరికే తిప్పితే ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు పంపరు. బస్సు కూడా చూడాలి. ఈ ఖర్చును ఇంక్యుబేషన్ సెంటరు బడ్జెట్‌లో అడుగుతాను.

పెదనాన్న: అడుగు. ఆ భవనానికి అదొక మంచి పని. ఓవెన్ కింద అంతస్తులో పెట్టించు, సంచులు మెట్లెక్కించక్కర్లేదు. సాంబ కోతలు నవంబరు చివర మొదలై డిసెంబరంతా ఉంటాయి. మీ పిల్లలు అప్పటికి రావాలి.

అమ్మాయి: డిసెంబరులో సెమిస్టరు పరీక్షలు.

పెదనాన్న: ముందుకో వెనక్కో జరపండి.

అమ్మాయి: యూనివర్సిటీ క్యాలెండరు నా చేతిలో లేదు పెదనాన్నా. అకడమిక్ కౌన్సిల్లో పెట్టాలి, ఆ పైన మిగతా కాలేజీలన్నీ ఒప్పుకోవాలి.

పెదనాన్న: వరి కోత కూడా నా చేతిలో లేదు. సాంబ నూట నలభై ఐదు, నూట యాభై రోజుల పంట. కాలువకు నీళ్లు జూలైలో వదిలితే లెక్క డిసెంబరుకే వస్తుంది.

అమ్మాయి: కౌన్సిల్ మీటింగు ఆగస్టులో ఉంది. నోట్ రాస్తాను. కోతల నెలలో ఒక పేపరుకు పరీక్ష బదులు ఫీల్డు పని మార్కులుగా ఇమ్మని అడుగుతాను. మీ ఊరి రైతుల సంతకాలు ఒక కాగితం మీద కావాలి.

పెదనాన్న: కౌలుదార్లవి కూడానా?

అమ్మాయి: ముందు వాళ్లవే.